ఆన్‌లైన్‌లో దొరికిన సమాధి ఫోటోను వంశచరిత్రలో ఆధారంగా ఎట్లా చూపాలె?

ప్రశ్న – కాజీపేట జంక్షన్

వంశచరిత్ర అచ్చు వేయించే పనిలో ఉన్నాం. ప్రతి తేదీకి కింద ఆధారం ఇస్తున్నాం. కాజీపేట క్రైస్తవ శ్మశానంలోని ఒక సమాధికి, సమాధుల ఫోటోలు, వివరాలు ఉంచే వెబ్‌సైటు ఫైండ్ ఎ గ్రేవ్‌లో పేజీ ఉంది. అందులో జననం 1881 అనీ, మరణం 12 మార్చి 1938 అనీ టైపు చేసి ఉంది. భార్య పేజీకి లింకు కూడా ఇచ్చారు. ఫోటోలో మాత్రం పేరు, 12-3-193 వరకే చదవగలుగుతున్నాం. చివరి అంకె అరిగిపోయింది. జననం ఊసే లేదు. పాత రికార్డులు వెతికే వంశచరిత్ర సైటు ఫ్యామిలీసెర్చ్‌లో వెతికితే అదే పేరుకు 1933 వస్తోంది. ఏది రాయాలి? ఆధారం కింద వెబ్‌సైటు పేరు ఒక్కటి ఇస్తే చాలదా?

జవాబు – పాత దస్తరం

చాలదు సార్. మీరు చూసింది రాయిని కాదు, రాయి ఫోటోను. ఆధారంలో ఆ ముక్క ముందు రావాలె.

ఆ పేజీలో మూడు చేతుల పని కలిసి ఉన్నది. ఫోటో ఒకరు తీసి ఉంటరు, తేదీలు ఇంకొకరు టైపు చేసి ఉంటరు, భార్య లింకు మరొకరు చెప్తే కలిపి ఉంటరు. ఫోటో లేకుండా కూడా అక్కడ పేజీ తెరవొచ్చు. అందుకని 1881కి, మరణం తేదీకి, భార్య సంబంధానికి వేర్వేరుగా ఆధారం రాయండి. 1881 రాయి మీద లేదు కదా, దానికి ‘పేజీలో టైపు చేసిన సమాచారం, మూలం చెప్పలేదు’ అనే రాయాలె.

మరణానికి ఇట్లా రాస్తే సరిపోతది:

‘ఫైండ్ ఎ గ్రేవ్, స్మారక సంఖ్య ఫలానా, ఫలానా వారి పేజీ, కాజీపేట శ్మశానం, రాయి ఫోటో, పేజీలో కనిపించే ఫలానా సభ్యనామంతో, ఫలానా తేదీన చేర్చినది, చూసిన తేదీ ఫలానా. రాయిపై “12-3-193–”, చివరి అంకె చదవరాదు. పేజీలో 1938 అని టైపు చేసి ఉంది.’

స్మారక సంఖ్య, అంటే ఆ పేజీకి సైటు ఇచ్చే నంబరు, తప్పనిసరి. ఒకే సమాధికి రెండు పేజీలుంటే తర్వాత కలిపేస్తరు, తేదీలూ దిద్దుతరు. చూసిన తేదీ లేకుంటే మీరు చూసినప్పుడు ఏమున్నదో ఎవరికీ తెల్వదు. పేజీని వేబ్యాక్ మెషిన్‌లో (వెబ్ పేజీల నకళ్లు దాచే సైటు) భద్రం చేసి ఆ లింకు కూడా పెట్టుకోండి. ఫోటోను పుస్తకంలో అచ్చు వేయాలంటే తీసినవారి అనుమతి వేరే తీసుకోవాలె, హక్కు వాళ్లది.

ఇగ 1933 సంగతి. ఫ్యామిలీసెర్చ్‌లో ఆ ఎంట్రీ ఏ సేకరణ కింద ఉన్నదో చూడండి. ఫైండ్ ఎ గ్రేవ్ ఇండెక్స్ అనో, బిలియన్‌గ్రేవ్స్ (ఇదీ సమాధి ఫోటోల సైటే) ఇండెక్స్ అనో ఉంటే అది రెండో సాక్ష్యం కాదు. అదే రాయిని ఇంకొకరు ఇంకోతీరుగ చదివిన్రు, అంతే. ఒక్క బావి నీళ్లు రెండు బిందెల్ల తెచ్చినట్టు. అరిగిన రాయి మీద 3, 8 కలిసిపోవుడు మామూలే: 8కి ఎడమ పక్క గీత పోతే 3 మిగుల్తది.

జవాబు – ఫసలీ లెక్క

పై జవాబుకు కొంచెం చేర్పు. ఇంట్లో నిజాం కాలం ఉద్యోగం కాగితం ఏదైనా ఉంటే, అందులోని ఏడు హిజ్రీనా (ఇస్లామిక్ చాంద్రమాన లెక్క), ఫసలీనా (సర్కారు రెవెన్యూ లెక్క) అన్నది ముందు తేల్చుకోండి. హైదరాబాద్ సంస్థానంలో ఫసలీ ఏడు అక్టోబరు మొదటి వారంలో, ఆజూర్ నెలతో మొదలయ్యేది. ఇంగ్లీషు ఏడు కావాలంటే ఫసలీ ఏడుకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలపాలి. మార్చి 1938 అంటే 1347 ఫసలీ, మార్చి 1933 అయితే 1342. అదే 1347ను హిజ్రీ అనుకుంటే 1928–29కి పోతారు, తొమ్మిదేళ్లు తేడా. ఆధారంలో మూలంలో ఉన్న ఏడు మొదట రాసి, మార్చిన ఏడును పక్కన బ్రాకెట్లో పెట్టండి.

ఖబ్రస్తాన్ ఫోటోలు చూసేవాళ్లకు ఇంకో మాట. ఉర్దూ అంకెల్లో సున్నా ఒక చుక్కే. రాయి అరిగితే 1340 కాస్తా 134 అవుతుంది. రాయికి గుంట పడితే లేని సున్నా పుట్టుకొస్తుంది. 7, 8 ఒకదానికొకటి తలకిందులు, ఫోటో తిరగబడి ఎక్కితే అంతే సంగతులు.

ఊరి పేరు దగ్గరా జాగ్రత్త. ఆ సైట్లు ఇప్పటి పాలనా విభాగమే చూపిస్తాయి. 1938లో తెలంగాణ రాష్ట్రం లేదు, హన్మకొండ జిల్లా 2021లో వచ్చిన పేరు. ‘కాజీపేట, హైదరాబాద్ సంస్థానం (ఇప్పుడు హన్మకొండ జిల్లా)’ అని రాయండి.

ప్రశ్న – కాజీపేట జంక్షన్

ఫ్యామిలీసెర్చ్‌లోది ఇండెక్సే, మీరన్నది నిజం. ఫోటో పెద్దది చేసి చూస్తే రాయి అడుగున ‘కుమారులు, ద.మ. రైల్వే’ అన్న మాటలు కనబడ్డాయి. రాయి దగ్గరికి వెళ్లి ముగ్గుపిండి రుద్దితే అంకె తేలుతుందా?

జవాబు – పాత దస్తరం

ముగ్గుపిండి, సుద్ద, షేవింగ్ నురగ ఏదీ వద్దు. రాయి సందుల్ల ఇరుక్కొని పాడుచేస్తయి. పొద్దున గానీ సాయంత్రం గానీ ఎండ ఏటవాలుగ పడేటప్పుడు పోండి. ఎండ అందకుంటే అద్దం పెట్టి వెలుగును పక్క నుంచి రాయి మీదికి మళ్లించండి, చెక్కిన గీతల్ల నీడ పడి అంకె తేల్తది. ఉత్త నీళ్లు చల్లినా కొంత మేలు. రాయి మొత్తం ఒకటి, అంకె దగ్గరిది ఒకటి, చుట్టుపక్కల సమాధులు కనబడేటట్టు ఒకటి, మూడు ఫోటోలు తీయండి. ఫోన్‌ల లొకేషన్ ఆన్ చేసుకోండి. అప్పుడు ఆధారం మారుతది: ‘రాయి స్వయంగా చూసినది, ఫలానా తేదీ’.

కాని మీరిప్పుడు చెప్పిన ‘ద.మ. రైల్వే’ ముక్కే అసలుది. దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది 2 అక్టోబరు 1966న. 1938లో అక్కడ ఉన్నది నిజాం స్టేట్ రైల్వే. అంటే ఆ రాయి మరణం తర్వాత కనీసం 28 ఏండ్లకు కొడుకులు నిలబెట్టిచ్చింది. అంకె 8 అని తేలినా అది కుటుంబం యాదికి పెట్టుకున్న తేదీ, ఆనాటి రాత కాదు. ఆధారంలో ‘రాయి 1966 తర్వాతిది’ అని తప్పక చేర్చండి.

ఆనాటి రాత కావాలంటే చర్చి ఖననాల రిజిస్టరే. పారిష్ ఆఫీసుల అడిగేటప్పుడు 1933, 1938 రెండేండ్ల మార్చి నెల పేజీలూ చూపమనండి. పేజీ సంఖ్య, ఎంట్రీ సంఖ్య రాసుకోండి. అండ్ల మరణం, ఖననం తేదీలు వేర్వేరుగ ఉంటే రెండూ దించుకోండి. ఒక్క తేదీయే ఉంటే అది ఖననం తేదీ కావొచ్చు, 13 అని కనబడితే తప్పనుకోకండి.