రొయ్యకి యాంటీబాడీలు లేవు గదా, మరి బీటా గ్లూకాన్ దేని మీద పని చేస్తుంది?

ప్రశ్న (ఇందుకూరుపేట, వెనామీ రకం రొయ్య, 45 రోజుల కల్చర్):
టీసీబీఎస్ ప్లేటు (విబ్రియో బ్యాక్టీరియాని పెంచి చూసే ల్యాబ్ ప్లేటు) మీద గ్రీన్ కాలనీలు పెరుగుతున్నాయి. చెక్ ట్రేలో (మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెం) కొన్ని రొయ్యలకి మొప్పల మీద నల్ల చుక్కలు. షాపులో రక్షణశక్తి పెంచుతుందని చెప్పి బీటా గ్లూకాన్ పౌడర్ పట్టుబడి (రొయ్యలు పట్టే రోజు) దాకా రోజూ మేతలో కలపమంటున్నారు. రొయ్యకి వ్యాక్సిన్ లాంటి జ్ఞాపకం లేదంటారు గదన్నా, అలాంటప్పుడు ఈ పొడి లోపల ఏం చేస్తుంది? రోజూ ఇస్తే నష్టమా?

జవాబు 1 (ముత్తుకూరు):
రొయ్య ఫలానా విబ్రియో అని గుర్తుపట్టదు, గోడని గుర్తుపడుతుంది. విబ్రియో పైపొరలో ఎల్‌పీఎస్ అనే కొవ్వు-చక్కెర పదార్థం, ఫంగస్ గోడలో బీటా-1,3-గ్లూకాన్ ఉంటాయి. ఇవి రొయ్య తన ఒంట్లో తయారుచేసుకోని పదార్థాలు. రక్తంలో తిరిగే ఎల్‌జీబీపీ అనే ప్రొటీన్ వీటికి అతుక్కోగానే రక్తకణాలు తమ గింజల్లో దాచుకున్న సరుకుని బయటికి వదులుతాయి. ఎంజైములు ఒకదాన్నొకటి కత్తిరించుకుంటూ పోయి, చివరికి నిద్రలో ఉన్న ప్రోఫినాల్ఆక్సిడేజ్ అనే ఎంజైముని లేపుతాయి. దాంతో క్వినోన్లు అనే ఘాటు రసాయనాలు, వాటి నుంచి మెలనిన్ అనే నల్ల రంగు పదార్థం. మీరు చూస్తున్న నల్ల చుక్క చాలాసార్లు అదే: క్రిమిని చుట్టుముట్టి మూసేసిన చోటు. మనిషికైతే అదే ఎల్‌పీఎస్‌ని టోల్ కుటుంబానికి చెందిన టీఎల్‌ఆర్-4 అనే రిసెప్టర్ (గుర్తుపట్టే ప్రొటీన్) పట్టుకుని, కణం లోపలి ఎన్ఎఫ్-కప్పాబీ అనే స్విచ్ ద్వారా టీఎన్ఎఫ్, ఐఎల్-6 అనే వాపు సంకేతాలు విడుదల చేయించి ఎర్రగా వాచేలా చేస్తుంది. ఆ టోల్ కుటుంబానికి రక్షణలో పాత్ర ఉందని 1996లో శాస్త్రవేత్త జూల్స్ హాఫ్‌మన్ ల్యాబ్ పండు ఈగలో చూపింది. 2011 నోబెల్‌లో ఆయనకు వాటా దక్కింది.

క్వినోన్లు క్రిమినే కాదు, సొంత కణజాలాన్నీ కాలుస్తాయి. అందుకే రొయ్య ఒంట్లోనే ఈ ఎంజైములకి కళ్లెం వేసే ప్రొటీన్లు ఉంటాయి. గ్లూకాన్ పొడి అంటే క్రిమి లేకుండా మోగించే గంట. రోజూ మోగిస్తే రక్తకణాలు ఖర్చవుతూ పోతాయి, స్పందన తగ్గుతుంది, ఎదుగుదలకి పోవాల్సిన శక్తి అటు పోతుంది. పట్టుబడి దాకా రోజూ ఇవ్వడం శుద్ధ దండగ.

జవాబు 2 (కొత్తపట్నం):
వాడకం సంగతి. అసలు గ్లూకాన్ కిలో మేతకి 1–2 గ్రాములు చాలు. డబ్బా మీద శాతం చూడండి, 50 శాతం అని ఉంటే పొడి రెట్టింపు పడుతుంది. వారం ఇచ్చి వారం ఆపండి. పొర విడిచే రోజులకీ, నీళ్లు మార్చే రోజులకీ ముందు ఆ వారం పడేలా చూసుకుంటే మంచిది. కొద్ది నీళ్లలో బాగా కలిపి మేత మీద చల్లి, పైన బైండర్ (పొడిని మేతకి అంటించే జిగురు) పూసి, అరగంట నీడలో ఆరనివ్వండి. బైండర్ మానేస్తే పొడి నీళ్లలోనే కొట్టుకుపోతుంది, రొయ్య కడుపులోకి పోదు. బేకరీ ఈస్ట్ దీనికి సాటి రాదు. దాని గోడలో గ్లూకాన్ పైన మ్యానోప్రొటీన్ పొర కప్పి ఉంటుంది, రిసెప్టర్‌కి సరిగా అందదు.

ముందు ఆ చుక్కల్ని సరిగా చూడండి. మొప్ప ముక్కని శుభ్రమైన నీళ్లలో జాడించి మైక్రోస్కోప్ కింద పెట్టండి. కడిగితే పోయేది బురద, పాచి. పోకుండా దారాల లోపల గోధుమ రంగు ముద్దల్లా ఉంటే మెలనిన్. బురద అయితే గ్లూకాన్‌తో పనే లేదు, అడుగు శుభ్రం చేయాలి. అమ్మోనియా పెరిగినా, ఆక్సిజన్ 4 పీపీఎం కంటే కిందికి పడినా రక్తకణాల సంఖ్యే తగ్గిపోతుంది, అప్పుడు గంట మోగినా వచ్చేవాళ్లుండరు. పట్టిన తర్వాత ఐస్ తక్కువై తల నల్లబడటం కూడా ఈ తరహా ఎంజైము పనే, దాన్ని జబ్బు అనుకోకండి.

ప్రశ్న అడిగినవారు:
జాడిస్తే సగం పోయాయి, సగం అలాగే ఉన్నాయి. వైట్ స్పాట్‌కి (తెల్ల మచ్చల వైరస్ జబ్బు) కూడా గ్లూకాన్ పని చేస్తుందా అన్నా?

జవాబు 1 (ముత్తుకూరు):
నమ్ముకోవద్దు. వైట్ స్పాట్ వైరస్ పైపొరలో గ్లూకాన్ లేదు, ఎల్‌పీఎస్ లేదు. రొయ్య దాన్ని ఎదుర్కొనేది ఎక్కువగా ఆర్ఎన్ఏఐ దారిలో, అంటే వైరస్ ఆర్ఎన్ఏని ముక్కలు చేసే పద్ధతిలో. గ్లూకాన్ వల్ల కొంత తట్టుకునే శక్తి వచ్చినా, సోకిన గుంటని అది కాపాడదు. పీసీఆర్ (వైరస్ జన్యువుని పట్టే ల్యాబ్ పరీక్ష) చేసిన సీడ్ (పిల్ల రొయ్యలు), పీత కంచె, పిట్టల వల, కాలువ నీళ్లు వడకట్టి క్లోరిన్ వేసి తీసుకోవడం, ఇవే అడ్డం. నీళ్ల వేడి 32–33 డిగ్రీలుంటే చావులు బాగా తగ్గుతాయి, చలికాలం రాత్రులే ప్రమాదం. అనుమానం వస్తే మొప్పలు గానీ ఈత కాళ్లు గానీ 95 శాతం ఆల్కహాల్‌లో వేసి ల్యాబ్‌కి పంపండి. కళ్లు, లివర్ పంపొద్దు, వాటిలోని పదార్థాలు పీసీఆర్‌ని అడ్డుకుని వైరస్ ఉన్నా నెగెటివ్ చూపిస్తాయి.