జ్ఞాపకశక్తి ఉన్నవారినే తెలివైనవారు అనడం సరైనదేనా?

చర్చ ప్రారంభించినవారు:
మా బంధువుల ఇంట ఒక పెళ్లిలో మా అక్క కొడుకు ఇరవయ్యో ఎక్కం వరకూ, ఆపైన నలభై శతక పద్యాలూ తడుముకోకుండా అప్పజెప్పగానే పెద్దలందరూ "ఏకసంథాగ్రాహి, ఎంత తెలివో" అని మెచ్చుకున్నారు. మా అమ్మాయి ఒక ఆటవెలది అందుకుని మూడో పాదం దగ్గర ఆగిపోయింది, కాని ఆ పద్యం భావాన్ని తన మాటల్లో చక్కగా చెప్పింది. ఆ చెప్పడాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. మన భాషలోనే ఈ రెండూ కలిసిపోయి ఉన్నాయేమో అనిపిస్తుంది: మరచిపోవడాన్ని మతిమరుపు అంటాం, స్పృహ పోతే తెలివి తప్పింది అంటాం. గుర్తుండటమూ, తెలియడమూ, తెలివీ ఒకటేనా?

మొదటి స్పందన:
ఒకటి కావని నా దృఢమైన అభిప్రాయం. రష్యన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ లూరియా 1968లో వెలువరించిన గ్రంథంలో షెరెషెవ్‌స్కీ అనే వ్యక్తిని వర్ణించాడు. అతడు పొడవైన పట్టికలను ఏళ్ల తరువాత కూడా చెప్పగలిగేవాడు. అయితే 1 2 3 4, దాని కింద 2 3 4 5, దాని కింద 3 4 5 6 అని క్రమంగా సాగే పట్టిక ఇచ్చినప్పుడు, ఆ క్రమాన్నే గమనించకుండా అంకెలన్నిటినీ విడివిడిగా గుర్తుపెట్టుకున్నాడు. పదేళ్ల పిల్లవాడు పట్టుకోగల సూత్రం అంతటి ధారణకు అందలేదు. గుర్తుంచుకునే పని ఈనాడు ఫోనుకు అప్పగించి, పిల్లలకు ఆలోచించడం నేర్పాలి.

రెండవ స్పందన (విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు):
పై ఉదాహరణను ఒప్పుకుంటాను, దాని నుంచి తీసిన నిర్ణయాన్ని ఒప్పుకోలేను. ఒకే కవి (అవధాని) ఎనిమిది మంది అడిగేవాటికి ఒకే సభలో వంతులవారీగా బదులిచ్చే అష్టావధాన సభలు కొన్నిటిలో నేను పృచ్ఛకుడిగా, అంటే ప్రశ్న అడిగేవాడిగా, కూర్చున్నాను. తిరుపతి వేంకట కవులు ఊరూరా సభలు చేసిన కాలం నుంచీ జనం ఈ విద్యను జ్ఞాపకశక్తి ప్రదర్శనగానే చెప్పుకుంటున్నారు, కాని దగ్గరగా చూసినవారికి వేరే సంగతి కనిపిస్తుంది. అందులో నిషిద్ధాక్షరి అనే అంశంలో అవధాని ఒక అక్షరం చెప్పగానే, తరువాత ఏ అక్షరం వస్తుందో ఊహించి పృచ్ఛకుడు దానిని నిషేధిస్తాడు. అవధాని అప్పటికప్పుడు మరో మాట వెతుక్కుని, ఛందస్సూ అర్థమూ చెడకుండా పద్యం నడిపించాలి. ఇది ముందుగా బట్టీ పట్టి రాగలిగింది కాదు. అలాగే ఆవృత్తికి (ఒక్కో చుట్టుకు) ఒక్కో పాదం చొప్పున, మధ్యలో ఘంటానాదం లెక్కిస్తూ, అప్రస్తుత ప్రసంగానికి జవాబిస్తూ అల్లిన పద్యాలన్నిటినీ చివర ధారణలో వరుసగా అప్పజెబుతారు. అది ఎలా సాధ్యమవుతుంది? ఉత్పలమాలలో పాదానికి ఇరవై అక్షరాలు, పదవ అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో ధ్వని కుదరవలసిన చోటు; నాలుగు పాదాలలోనూ రెండవ అక్షరం ప్రాస, అంటే అక్కడ ఒకే హల్లు రావాలి. ఒక్క అక్షరం జారినా నడక తప్పి ఆ లోటు చెవికి తెలిసిపోతుంది. అంటే అవధాని గుర్తుంచుకునేది విడి అక్షరాలను కాదు, తాను తెలిసి కట్టిన కట్టడాన్ని.

చదరంగంలో ఇదే విషయాన్ని చేజ్, సైమన్ అనే పరిశోధకులు 1973లో చూపారు. నిజమైన ఆట నడుమ ఉన్న బల్లను ఐదు సెకన్లు చూపి తీసివేస్తే, ఆరితేరిన ఆటగాడు కొత్తవాడికంటే ఎన్నో ఎక్కువ పావులను తిరిగి సరైన గడులలో పెట్టగలిగాడు. పావులను అడ్డదిడ్డంగా పేర్చి చూపితే ఆ ఆధిక్యం దాదాపు మాయమైంది. అతనికి గుర్తున్నది అతనికి అర్థమైనదే. అందుకే ధారణను ఫోనుకు అప్పగించదగ్గ గోదాముగా చూడటం నాకు బాధ కలిగిస్తుంది.

మూడవ స్పందన (గణిత ఉపాధ్యాయురాలు):
ఎక్కాల గురించి ఒక మాట. "ఏడు ఒకట్ల ఏడు, ఏడు రెళ్లు పద్నాలుగు" అంటూ మొదటి నుంచి పాడుకుంటూ వస్తే తప్ప ఏడు ఎనిమిదులు ఎంతో చెప్పలేని పిల్లలు నా తరగతిలో ఎప్పుడూ ఉంటారు. వారికి ఉన్నది పాట. ఐదు ఏడులు ముప్పై ఐదు, మూడు ఏడులు ఇరవై ఒకటి, రెండూ కలిపితే యాభై ఆరు అని చూడగలిగిన పిల్లకు ఉన్నది జ్ఞానం. అయినా ఆ పిల్ల కూడా చివరికి యాభై ఆరును నోటికి తెచ్చుకోవలసిందే, ఎందుకంటే బీజగణితం లెక్క నడుమ ప్రతి గుణకారానికీ ఆగి కూడుకుంటూ పోతే అసలు లెక్క ఎక్కడ ఉందో మరచిపోతుంది. ఈ ఒక్క కారణం చేతనే అంతా ఫోనుకు అప్పగించాలన్న సూచనను నేను అంగీకరించలేను.

చర్చ ప్రారంభించినవారు:
ఇంతవరకూ బాగానే అర్థమైంది. కాని మా బంధువుల తీర్పు మా పరీక్షల నుంచి వచ్చిందే కదా? చదివినది ఉన్నదున్నట్టు రాసినవారికే మార్కులు పడిన తరాలు వారివి, నాది కూడా. ఆ కొలత మారకుండా పెద్దల మాట మారుతుందని నేను అనుకోవడం లేదు.

రెండవ స్పందన రాసినవారు:
అందులో మీతో విభేదించను. మీ అమ్మాయి విషయంలో మాత్రం ఒక పని చేసి చూడండి. ఆటవెలదిలో ప్రతి పాదంలోనూ నాలుగో గణం (అక్షరాల గుంపు) మొదటి అక్షరానికి పాదం మొదటి అక్షరంతో సాధారణంగా యతిమైత్రి ఉంటుంది. ఆ పాప ఆగిపోయిన మూడో పాదం మొదటి మాట మాత్రం అందించి, యతిస్థానంలో ఏ అక్షరాలు రావచ్చో తననే ఆలోచించమనండి. భావం ఇప్పటికే తెలుసు కనుక, మిగిలిన మాటలు ఎంతవరకు తనంతట తానే పట్టుకోగలదో ఇక్కడ రాయండి.