పాపకి పగటి నిద్ర రెండు నుంచి ఒకటికి మార్చడం కుదరడం లేదు

మా పాపకి 15 నెలలు. పొద్దున ఆరున్నరకి లేస్తుంది. మొన్నటిదాకా పదింటికి ఓ గంట, మూడింటికి ఓ గంట పడుకునేది. ఇప్పుడు మధ్యాహ్నం ఎంత జోకొట్టినా లేచి నిలబడి ఆడుతోంది. ఎలాగోలా నాలుగున్నరకి పడుకోబెడితే రాత్రి పదకొండు దాకా జాగారమే.

13 నుంచి 18 నెలల మధ్య చాలామంది పిల్లలు ఒక నిద్రకి మారతారు కదా అని, పొద్దుటి నిద్రని పావుగంట చొప్పున వెనక్కి జరుపుతూ వచ్చాం. పదకొండుంబావు దగ్గర ఆగిపోయింది. అది దాటితే పప్పన్నం నోట్లో ఉండగానే తూలిపోతుంది. పోనీ అప్పుడే పడుకోనిస్తే నలభై నిమిషాలకే లేచి, సాయంత్రం ఐదు నుంచి ఒకటే ఏడుపు. రాత్రి ఏడున్నరకే పడుకోబెట్టి చూస్తే తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి కూర్చుంది.

గదికి మందపాటి కర్టెన్లు వేశాం. కూకట్‌పల్లిలో రోడ్డు వైపు ఫ్లాట్, హారన్ల మోత ఎలాగూ తప్పదు, దానికి తను అలవాటు పడిపోయింది. జ్వరం, పళ్లు రావడం లాంటివేమీ లేవు. తిండి బాగానే తింటోంది. ఆదివారాలు దిల్‌సుఖ్‌నగర్‌లో అమ్మమ్మ వాళ్లింటికి వెళ్తూ కార్లో పోయే నిద్రని లెక్కలోకి తీసుకోవడం లేదు.

ఇలా నలభై నిమిషాలకే లేచిన రోజుల్లో మీరు సాయంత్రం చిన్న కునుకు తీయనిచ్చారా, లేక ఏడ్చినా రాత్రి దాకా మెలకువగానే ఉంచారా?