ఉపన్యాసానికి స్లయిడ్లు రెడీ, ఏ ఉత్తరం ఏ పెట్టెలోదో తెలీడం లేదు

సగంకాఫీ:
పొద్దున తొమ్మిదికి కూర్చున్నాను, మూడయింది, ఇంకా అక్కడే ఉన్నా. యూనివర్సిటీ లైబ్రరీ ఆర్కైవ్స్‌లో చూసిన ఉత్తరాల మీద ఈ నెలాఖర్లో పబ్లిక్ లెక్చర్ ఇవ్వాలి. ఫోన్లో 214 ఫొటోలున్నాయి, స్లయిడ్లకి ఆరు ఏరుకున్నాను. తీరా లైబ్రరీవాళ్లు ఒక్కో బొమ్మ కిందా పెట్టె నంబరు, ఫోల్డరు నంబరు వేయాలంటున్నారు. నేను రాసుకోలేదు. క్యాటలాగులో చూస్తే ‘ఉత్తరాలు, 3 పెట్టెలు’ అని ఒక్క ముక్కే. ఇప్పుడెలా పట్టుకోవడం?

రెండోవరస:
ఫోల్డరు మీది చీటీని ముందు ఫొటో తీయాలి. తర్వాతే ఉత్తరాలు.

సగంకాఫీ:
అది ఇప్పుడు చెప్పి ఏం లాభమండీ.

నీలిసిరా:
ఫ్లాష్ వేయలేదు కదా? కాగితానికి వెలుతురు దెబ్బ తగిలితే మళ్లీ బాగుపడదు, పైగా కొంచెం కొంచెంగా పోగవుతూ ఉంటుంది. అందుకే ప్రదర్శనల్లో వెలుతురు 50 లక్స్ (వెలుగుని కొలిచే యూనిట్) దాటనివ్వరు. సినిమాల్లోలా తెల్ల గ్లవ్స్ వేసుకున్నారా? గుడ్డ గ్లవ్స్‌తో వేలికి స్పర్శ తెలీక అంచులు చిరుగుతాయి. కాగితాలకి కడిగి ఆరబెట్టుకున్న చేతులే మేలు, గ్లవ్స్ పాత ఫొటోలకి. లెక్చరు రోజు అసలు ఉత్తరం తెచ్చి బల్ల మీద పెడదామని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి.

సగంకాఫీ:
ఫ్లాష్ లేదు, గ్లవ్స్ లేవు. పెట్టె నంబరు సంగతి ఎవరైనా చెప్తారా?

చెదపురుగు:
రీడింగ్ రూమ్‌లో పెట్టె కావాలని స్లిప్పు రాసిచ్చారా? చాలాచోట్ల వాటిని పారేయరు, ఏదైనా కాగితం మాయమైతే ఎవరు చూశారో తేలాలిగా. స్లిప్పు మీద తేదీ ఉంటుంది, కొన్నిచోట్ల పెట్టె ఇచ్చిన టైము కూడా వేస్తారు. మీ ఫోన్లో ఫొటో డీటెయిల్స్ తెరిస్తే తీసిన టైము నిమిషాలతో సహా ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే పెట్టె తేలుతుంది. ఫోల్డరు కోసం ఫొటోల మధ్య గ్యాప్ చూడండి. ఒకటి కట్టేసి ఇంకోటి విప్పేటప్పుడు రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఉత్తరం మూలల్లో పెన్సిల్ అంకెలు ఉన్నాయేమో కూడా చూడండి.

పాతకాగితం:
అసలు ‘ఆర్కైవ్స్’ అనడమే పొరపాటు. ఒక సంస్థ తన పనిలో భాగంగా పుట్టించిన రికార్డులు ఆర్కైవ్స్. ఒక మనిషి దాచుకున్న ఉత్తరాలైతే మాన్యుస్క్రిప్టులు. ముల్లర్, ఫైత్, ఫ్రూయిన్ అనే ముగ్గురు డచ్చివాళ్లు 1898లోనే మాన్యువల్ రాసి పెట్టారు, కాగితాలు ఏ వరసలో పుట్టాయో ఆ వరస చెడగొట్టొద్దని. మీరేమో 214లో ఆరు ఏరుకున్నారు. వాటికి ముందూ వెనకా ఏముందో సభలో చెప్తారా?

చెదపురుగు:
ఇప్పుడు రెండింటినీ ఆర్కైవ్సే అంటున్నారు సార్.

రెండోవరస:
తెలుగులో అభిలేఖలు అనొచ్చు.

పాతకాగితం:
అది ప్రభుత్వ రికార్డులకి నప్పుతుంది. వీటికి లేఖలు చాలు.

రెండోవరస:
ఉత్తరాలంటే ఏం పోయింది? దిక్కు అనుకుంటారా?

సగంకాఫీ:
ఒక ఫొటోలో నా బొటనవేలి పక్కన పెన్సిల్‌తో 2/14 అని ఉంది! పెట్టె 2, ఫోల్డరు 14 అంతేగా? అన్నట్టు లెక్చరు యూట్యూబ్‌లో లైవ్ కూడా పెడతారట. ఆయన 1981లోనే పోయారు కాబట్టి ఇబ్బంది ఉండదనుకుంటా.

చెదపురుగు:
ఇది మొదటే చెప్పాల్సిన మాట. పోయింది రాసినాయనా, అందుకున్నాయనా? కాగితం అందుకున్నవాళ్లది, అందులోని మాటల మీద హక్కు రాసినవాళ్లది. కవి పోప్, ఆయన ఉత్తరాలు అచ్చేసిన కర్ల్ మధ్య 1741లో ఇంగ్లండులో నడిచిన కేసు నాటి నుంచీ ఉన్న తేడా ఇది. కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందం ప్రకారం ఆ హక్కు రచయిత పోయాక కనీసం 50 ఏళ్లు, భారత్‌లో 60, యూరప్‌లో 70. లైబ్రరీ సరేనన్నంత మాత్రాన వారసులు సరేనన్నట్టు కాదు. రీడింగ్ రూమ్‌లో మీరు సంతకం పెట్టిన ఫారం ఓసారి చదవండి, ‘సొంత అధ్యయనానికి మాత్రమే’ అని ఉండొచ్చు. ఇక 2/14 అంటే పద్నాలుగు పేజీల్లో రెండోది కూడా కావచ్చు.

సగంకాఫీ:
పక్క ఫొటోలో 3/14 ఉంది. పేజీ నంబరే, ఖర్మ. 1981లో పోయింది అందుకున్నాయన. రాసినావిడ గురించి నాకేం తెలీదు.

రెండోవరస:
అయితే లైవ్‌లో ఆ స్లయిడ్లు ఆపేయండి. హాల్లో చదివి వినిపించడం కూడా అడిగి చేయండి.

పాతకాగితం:
ముందూ వెనకా ఉన్న ఉత్తరాల సంగతి నేనడిగాను.

సగంకాఫీ:
లైబ్రరీకి ఫోన్ చేశా. స్లిప్పులున్నాయట, రేపు రమ్మన్నారు. థాంక్స్ అందరికీ, ఇక కాస్త తిని పడుకుంటా.

నీలిసిరా:
పెన్సిల్ తీసుకెళ్లండి. పెన్ను గుమ్మంలోనే తీసేసుకుంటారు.