సమస్య: మిరపకాయఁ దినఁగ మిగులఁ దీపి

నిర్వాహకులు: పై వాక్యాన్ని ఆటవెలది నాలుగవ పాదంగా గ్రహించి పూరించండి. బెల్లంపాకం పోసి తప్పించుకోవడం తేలిక కనుక, అటువంటి మిరపకాయను నిజంగా ఎక్కడ తింటారో చెప్పిన పూరణకే పెద్దపీట.

మొదటి పూరణ:

పచ్చమిరపలోనఁ బండ్లముక్కలు నింపి
గ్రుడ్డునురుగులోన గ్రుంకఁజేసి
యంతఁ దెల్లనైన యక్రోటు రసమద్ద
మిరపకాయఁ దినఁగ మిగులఁ దీపి.

ఇది నేను మెక్సికోలోని ప్వేబ్లా నగరంలో తిన్న ‘చీలెస్ ఎన్ నొగాదా’. కొత్త అక్రోట్లు, దానిమ్మలు వచ్చే జూలై-సెప్టెంబరు నెలల్లోనే దీన్ని ఎక్కువగా వండుతారు. అంగడిలో ఒక పెద్దావిడ నానిన అక్రోటు పప్పు మీది పలుచని పొరను గోటితో ఒలుస్తూ కనిపించింది. ఆ పొర ఉండిపోతే రసం చేదెక్కడమే కాక తెలుపూ మాసిపోతుంది. ఈ వంటకు వాడే పొబ్లానో రకం మిరప అరచేయంత ఉంటుంది, కారం స్వల్పం.

నిర్వాహకులు: ధార బాగుంది, కాని కాయను నురుగులో ముంచాక పొయ్యి ఎక్కించడం మరిచారు, పండ్లతో కలిపే మాంసం ఊసూ లేదు. మొదటి పాదాన్ని ‘పచ్చమిరపలోనఁ బండ్లు కీమా నింపి’ అని, రెండవదాన్ని ‘గ్రుడ్డునురుగుఁ బూసి కొంత వేఁచి’ అని సవరిస్తే వంటా పూర్తవుతుంది, యతీ (పాదం మొదటి అక్షరానికి నాలుగవ గణం మొదటి అక్షరంతో ఉండవలసిన మైత్రి) చెడదు.

రెండవ పూరణ:

మూడు వన్నెలెసఁగు ముచ్చటౌ జెండాను
ప్వేబ్ల పట్టణాన వండినారు
తళుకులీను నెఱ్ఱదానిమ్మ గింజతో
మిరపకాయఁ దినఁగ మిగులఁ దీపి.

1821 ఆగస్టులో మెక్సికో స్వాతంత్ర్యాన్ని ఒప్పుకున్న కోర్డోబా ఒడంబడికపై సంతకం చేసి ప్వేబ్లాకు వచ్చిన సేనాని అగుస్తీన్ దె ఇతుర్బిదెకు, ఆయన నామదినమైన (ఆయన పేరుగల పునీతుని పండుగైన) 28వ తేదీ విందులో, శాంతా మోనికా మఠంలోని సన్యాసినులు ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు జెండా రంగులు కలిసేలా ఈ వంటకాన్ని వడ్డించారని అక్కడ కథగా చెప్పుకుంటారు. సెప్టెంబరు 16న స్వాతంత్ర్య దినోత్సవం జరుపుకొనే ఆ నెలంతా ఇదే పండుగ వంట.

నిర్వాహకులు: జెండాను వండించిన చమత్కారం మెచ్చదగినది. అయితే రెండవ పాదంలో యతి తప్పింది; ‘ప్వే’లోని ఏకారానికి ‘వ’లోని అకారంతో మైత్రి లేదు. పైగా ‘వండినారు’ అని వాక్యం ముగియడంతో సమస్యాపాదం విడిగా నిలిచిపోయింది.

రెండవ పూరణకర్త: ‘ప్వేబ్లవారు వేడ్క వెలయ వండ’ అని మార్చాను, చూడండి.

నిర్వాహకులు: ఇప్పుడు ‘ప్వే’లోని వకారానికి ‘వె’తో యతి కుదిరింది, అన్వయమూ సాగింది. ఇక ‘మిగుల’ అన్న మాట అతిశయోక్తి కాదు కదా?

మొదటి పూరణకర్త: కొంచెం అతిశయోక్తే, అయ్యా. తొడిమ దగ్గర కొరికినప్పుడు కారం బాగానే తగిలింది. కాని మీరిచ్చిన పాదంలో దానికి చోటు లేదు.