డాలస్‌కి కొత్తగా వచ్చాం, మూడు ప్లాన్లలో ఏ ఇన్సూరెన్స్ తీసుకోవాలి?

ప్రశ్న (అక్టోబర్ 2025)

అందరికీ నమస్తే అండి. పోయిన నెలాఖర్లో నేనూ మా ఆవిడా డాలస్ వచ్చాం, హెచ్ వన్ వీసా మీద. అక్టోబర్ 1న ఒక మీడియం సైజ్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో జాయిన్ అయ్యా. ఆవిడకి ఇప్పుడు నాలుగో నెల, డేట్ మార్చిలో ఇచ్చారు. హెచ్ఆర్ వాళ్లు మూడు ప్లాన్లు పంపి నెలలోపు సెలెక్ట్ చేస్కోమన్నారు. హై డిడక్టిబుల్ ప్లాన్‌కి (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టేలోపు మన జేబులోంచి పెట్టే మొత్తం, అంటే డిడక్టిబుల్, ఎక్కువంట) జీతంలో కట్ అయ్యేది బాగా తక్కువ, మా టీమ్‌లో అందరూ అదే తీసుకున్నారంట. ఊళ్లో నాన్న ఆరోగ్యశ్రీ కార్డు తప్ప ఇన్సూరెన్స్ గురించి నాకేం తెలీదు. ఏది తీసుకోమంటారు?

జవాబు

తమ్ముడూ, ముందుగా ఇద్దరికీ శుభాకాంక్షలు. సెప్టెంబర్ 19న హెచ్ వన్ వీసాలకి లక్ష డాలర్ల ఫీజు పెట్టే ఆ ఆర్డర్ మీద సంతకం అయినప్పుడు విమానం ఎక్కాల్సిన వాళ్లంతా ఎంత కంగారు పడ్డారో నాకు తెలుసు, అది కొత్త పిటిషన్లకే అని ఆ తర్వాత చెప్పారు గానీ ఆ రెండు రోజులు ఇక్కడ మాకు కూడా నిద్రల్లేవు.

ఇక ప్లాన్ సంగతి. టీమ్ వాళ్లని చూసి మాత్రం తీసుకోకు. పెళ్లి కాని కుర్రాడు, ఏడాదికి ఒకసారి కూడా డాక్టర్ గడప తొక్కనివాడు, వాడికి హై డిడక్టిబుల్ ప్లానే మంచిది, హెచ్ఎస్ఏలో (వైద్యం ఖర్చులకి దాచుకునే ఖాతా) డబ్బులు వేస్కుంటే టాక్స్ కూడా ఉండదు. మీ ఇంట్లో డెలివరీ ఉంది, లెక్క వేరు. నెల నెలా ఎంత కట్ అవుతుందో ఒక్కటే చూడకుండా, ఏడాది మొత్తం ప్రీమియం వేసి, దానికి ఆ ప్లాన్ ఔట్ ఆఫ్ పాకెట్ మాక్సిమమ్ (ఏడాదిలో వైద్యానికి మన జేబులోంచి పోయే గరిష్ఠ మొత్తం) కలిపి, మూడింటికీ కాగితం మీద రాయి. డెలివరీ ఉన్న ఏడాది ఆ మాక్సిమమ్ దాకా వెళ్లినా వెళ్తావ్, అందుకని అదే అసలు నంబర్. 2026కి గవర్నమెంట్ పెట్టిన పైహద్దు ఒక్కరికి 10,600, ఫ్యామిలీకి 21,200 డాలర్లు, మీ కంపెనీ ప్లాన్‌లో అంతకంటే తక్కువే ఉండొచ్చు, చూస్కో.

ఇంకొకటి, ఇది ఎవరూ చెప్పరు. చాలా ప్లాన్లలో డిడక్టిబుల్ జనవరి 1న మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. మీ డేట్ మార్చి కాబట్టి పెద్ద ఖర్చంతా వచ్చే ఏడాది లెక్కలోకే వస్తుంది. ఇప్పుడు తీసుకునేది డిసెంబర్ దాకా స్కాన్లకీ చెకప్‌లకీ, అసలు నిర్ణయం నవంబర్లో ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (ఏటా ప్లాన్ మార్చుకునే సమయం) వచ్చినప్పుడు తీసుకో. మీ కంపెనీ ప్లాన్ ఇయర్ జనవరితో మొదలవుతుందా లేదా అని హెచ్ఆర్‌ని ఈమెయిల్‌లో అడుగు, నోటితో కాదు.

ఇప్పుడు నా మాట ఒకటి చెప్తా, కొంచెం పెద్దదే. ఈ దేశంలో ఉద్యోగం, వీసా, ఆస్పత్రి, మూడూ ఒకే కొక్కేనికి వేలాడుతుంటాయి. ఉద్యోగానికీ ఇన్సూరెన్స్‌కీ ముడి ఎవరో ఆలోచించి పెట్టింది కాదు, 1942లో యుద్ధం టైమ్‌లో జీతాలు పెంచడానికి వీల్లేదని కట్టడి పెడితే కంపెనీలు మనుషుల్ని లాక్కోవడానికి హెల్త్ ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టాయి, 1954లో దానికి టాక్స్ మినహాయింపు చట్టంలోకి ఎక్కింది, యుద్ధం పోయింది ముడి మిగిలింది. నా దృష్టిలో టెక్ ఇండస్ట్రీకి ఇదే పెద్ద నష్టం. మంచి ఐడియా ఉన్న మనవాళ్లు ఎంతమందిని చూశానో, సిటిజన్‌షిప్ వచ్చాక కూడా పిల్లల ఇన్సూరెన్స్ పోతుందని సొంత కంపెనీ పెట్టకుండా అదే సీట్లో కూర్చున్నారు.

నా ఉద్యోగం 2023 జనవరిలో పోయింది. గూగుల్ 12,000 మందిని తీస్తున్నామన్నది కూడా ఆ నెలలోనే, నాది వేరే కంపెనీ, చిన్నది. అప్పుడు వడ్డీ రేట్లు పెరిగాయి, దానికి తోడు ఆర్ అండ్ డీ (కొత్త ఉత్పత్తుల పరిశోధన) చేసే ఇంజనీర్ల జీతాల్ని ఆ ఏడాదే ఖర్చుగా చూపించకుండా 5 ఏళ్లకి పంచాలనే టాక్స్ రూల్ 2022 నుంచి వచ్చింది, చిన్న కంపెనీలకి అది గట్టి దెబ్బే అని నా అభిప్రాయం. 2025 జులైలో ఆ రూల్ మార్చారు, మూడేళ్లు లేటు. వీసా పోకుండా వేరే ఉద్యోగం వెతుక్కోవడానికి నాకు 60 రోజులు, ఇన్సూరెన్స్ నెలాఖరు దాకా. కోబ్రా అనే చట్టం కింద తీసుకుంటే అదే ప్లాన్ 18 నెలలు నడుస్తుంది గానీ కంపెనీ కట్టే వాటా కూడా మనమే, పైన 2 శాతం, నాకు నెలకి రెండు వేల డాలర్ల పైన చెప్పారు. బాబుకి ఆస్తమా. అప్పుడు ఒక సీనియర్ చెప్పాడు, కోబ్రా ఒప్పుకోవడానికి కూడా 60 రోజులు టైమ్ ఉంటుంది, ఒప్పుకుంటే ఇన్సూరెన్స్ ఆగిపోయిన రోజు నుంచే లెక్క, కాకపోతే వెనక నెలలవీ కట్టాలి అని. ఆగాను. నలభయ్యో రోజు రాత్రి బాబుకి ఊపిరి అందలేదు, ఈఆర్‌కి (ఎమర్జెన్సీకి) పరిగెత్తాం, తెల్లారి కోబ్రా ఫారం పంపించా. ఆ నెలన్నర నేను పడ్డది నువ్వు పడకూడదనే ఇంత రాస్తున్నా. కోబ్రా లెటర్ పోస్ట్‌లో వస్తుంది, చెత్త మెయిల్ అని పారేయకు. ఇంకోటి, వీసాకిచ్చే ఆ 60 రోజులు మామూలుగా జీతం లెక్కగట్టిన ఆఖరి రోజు నుంచి, సెవరెన్స్ (తీసేసేటప్పుడు ఇచ్చే) డబ్బులొచ్చినా పెరగవు.

మరో జవాబు

నమస్తే తమ్ముడూ, నాకు ఇద్దరు పిల్లలూ ఇక్కడే పుట్టారు కాబట్టి డెలివరీ సంగతి నేను చెప్తా. పుట్టిన రోజు నుంచి 30 రోజుల్లోపు బిడ్డని ప్లాన్‌లో యాడ్ చేయాలి, సోషల్ సెక్యూరిటీ నంబర్ వచ్చాక చేద్దాం అని ఆగొద్దు, నంబర్ లేకపోయినా యాడ్ చేస్తారు. 30 దాటితే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ దాకా బిడ్డకి కవరేజ్ లేనట్టే. బాలింత ఇంట్లో ఇది మర్చిపోవడం చాలా తేలిక, క్యాలెండర్‌లో పెట్టుకో.

డాక్టరూ హాస్పిటలూ రెండూ ఇన్ నెట్‌వర్కేనా (మన ప్లాన్‌తో ఒప్పందం ఉన్నవేనా) అని విడివిడిగా అడగాలి. మా పెద్దాడప్పుడు హాస్పిటల్ నెట్‌వర్కే, మత్తు ఇచ్చిన డాక్టర్ కాదు, వేరే బిల్లు వచ్చింది. 2022 జనవరి నుంచి నో సర్‌ప్రైజెస్ యాక్ట్ ఉంది కాబట్టి అట్లాంటి బిల్లు ఇప్పుడు పంపడానికి వీల్లేదు, వస్తే కట్టేయకుండా ఇన్సూరెన్స్‌కి ఫోన్ చెయ్. రోడ్డు మీద వచ్చే అంబులెన్స్ మాత్రం ఆ చట్టంలో లేదు. ఈఓబీ అని, ఇన్సూరెన్స్ దేనికి ఎంత కట్టిందో చూపే కాగితం వస్తుంది, అది బిల్లు కాదు, కంగారుపడి డబ్బులు కట్టొద్దు. అసలు బిల్లు వచ్చాక ఐటమైజ్డ్ బిల్ (ప్రతి ఖర్చూ విడిగా రాసినది) అడిగి రెండూ పక్కపక్కన పెట్టి చూడు.

అన్నయ్య చెప్పింది నిజమే గానీ ముడి విప్పేస్తే సరిపోదు. ఈ అక్టోబర్‌లో వాషింగ్టన్‌లో షట్‌డౌన్ (ప్రభుత్వ ఆఫీసుల మూత) గొడవ చూడండి, మార్కెట్‌ప్లేస్ ప్లాన్లకి (ఉద్యోగం ద్వారా కాకుండా సొంతంగా కొనుక్కునేవి) ఇచ్చే అదనపు సబ్సిడీ 2025 డిసెంబర్‌తో అయిపోతుంది, దాన్ని పొడిగించాలా వద్దా అనే. అది ఆగితే సొంతంగా కొనుక్కునేవాళ్ల ప్రీమియం భగ్గుమంటుంది. మా మరిది సొంత స్టార్టప్‌లో ఉన్నాడు, ఇంటిల్లిపాదీ ఆ ప్లాన్ మీదే. ఉద్యోగం లేనివాళ్లకి గట్టి దారి పెట్టకుండా ముడి విప్పితే మధ్యలో మునిగేది వాళ్లే.

ప్రశ్న అడిగినవారు

అన్నా, అక్కా, చాలా థ్యాంక్స్. కాగితం మీద వేసి చూశా, మార్చి లెక్కకి ఖరీదైన ప్లానే చౌక పడుతోంది. ఇంకొక్కటి, ఫిబ్రవరిలో అమ్మానాన్న వస్తున్నారు, నాన్నకి షుగర్ ఉంది. వాళ్లని నా ప్లాన్‌లో పెట్టొచ్చా?

జవాబు

పెట్టలేవు తమ్ముడూ, కంపెనీ ప్లాన్లలో భార్యా పిల్లల వరకే. విజిటర్ ఇన్సూరెన్స్ విడిగా కొను. అందులో ఫిక్స్‌డ్ బెనిఫిట్ అనేవి చౌకగా ఉంటాయి, రోజుకి ఇంత అని ఒక మొత్తం ఇచ్చి చేతులు దులుపుకుంటాయి, ఇక్కడి బిల్లులో అది ఏ మూలకీ రాదు. కాంప్రహెన్సివ్ (బిల్లులో ఎక్కువ భాగం కట్టే రకం) తీసుకో. షుగర్ లాంటి పాత జబ్బుల రొటీన్ వైద్యం దాంట్లో కూడా రాదు, పాత జబ్బు ఒక్కసారిగా ముదిరితే ఎంతవరకు ఇస్తారో, నాన్నగారి వయసుకి ఆ హద్దు ఎంతో చదివాకే డబ్బులు కట్టు. మందులు ఉండేన్ని రోజులకీ సరిపడా, డాక్టర్ చీటీతో, డబ్బాలతో సహా తెమ్మను, చెకిన్ బ్యాగ్‌లో కాదు చేతి సంచిలో. నాన్నగారు విమానం ఎక్కే ముందే పాలసీ మొదలయ్యేట్టు తేదీ పెట్టు.