ఎనిమిదో హెన్రీ ఇచ్చినవి విడాకులేనా?

మా మేనకోడలు ఇంగ్లండ్‌లో చదువుకుంటోంది. ఒకప్పటి ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ ఆరుగురు రాణుల వరస గుర్తుండడానికి అక్కడి పిల్లలకు ఆరు మాటల పాట ఒకటి నేర్పుతారు. దాన్ని అమ్మమ్మకి ఫోన్లో తెలుగులో చెప్పాలని నన్ను సాయం అడిగింది. నేను పెద్దగా ఆలోచించకుండా చెప్పేశాను: "విడాకులు, తల తీశారు, చనిపోయింది. విడాకులు, తల తీశారు, బతికింది."

మా అమ్మ అంతా విని ఒక్కటే అడిగింది. "విడాకులిచ్చాక ఇంకో పెళ్ళి చేసుకోవచ్చుగా, మధ్యలో పోప్‌తో గొడవెందుకు?"

తప్పు నా తెలుగులోనే ఉందని అప్పుడు తెలిసింది. అప్పటి చర్చి చట్టంలో మనం అనుకునే విడాకులు లేవు. భార్యాభర్తలు వేరుగా బతకడానికి అనుమతి దొరికేది గానీ, ఇద్దరూ బతికుండగా మళ్ళీ పెళ్ళికి వీల్లేదు. హెన్రీ అడిగింది వేరే. మొదటి రాణి కేథరిన్‌తో 1509లో జరిగింది అసలు పెళ్ళే కాదని తీర్పు కావాలన్నాడు. పోప్ ఏడో క్లెమెంట్ ఇవ్వలేదు. కేథరిన్ మేనల్లుడు ఐదో చార్లెస్ చక్రవర్తి సైన్యం 1527లో రోమ్‌ను కొల్లగొట్టింది, పోప్ అతని చేతికి చిక్కి ఉన్నాడు. చివరికి 1533 మేలో ఆర్చిబిషప్ క్రాన్మర్ ఇంగ్లండ్‌లోనే ఆ తీర్పు చెప్పాడు. మరుసటి ఏడాది చట్టం చేసి రాజే చర్చికి అధిపతి అయ్యాడు.

మరి ఈ తీర్పుని తెలుగులో ఏమనాలి? ఆకు చింపి ఇచ్చే ఆచారం నుంచి విడాకులన్న మాట వచ్చిందంటారు. చింపాలంటే ముందు ఆకు ఉండాలి. హెన్రీ వాదన అసలు ఆకే లేదని.

పుస్తకాల్లో 'వివాహ రద్దు' అని రాస్తున్నారు. అదీ నాకు నప్పలేదు. 2016లో నోట్ల రద్దు జరిగింది. ఆ రోజు అర్ధరాత్రి దాకా అవి మంచి నోట్లే, వాటితో కొన్న సరుకు మనదే. దొంగనోటు సంగతి అలా కాదు. దాన్ని ఎవరూ రద్దు చేయరు, 'చెల్లదు' అంటారు. అచ్చయిన రోజు నుంచీ చెల్లదు. హెన్రీ కోరింది ఈ రెండో రకం. అందుకే 'చెల్లని పెళ్ళి' అన్నదే సరైన మాటని నా అభిప్రాయం.

ఇంకో సంగతి. ఎందుకు చెల్లదన్నాడో తెలుగులో ఒక్క మాటలో చెప్పొచ్చు: కేథరిన్ అతనికి వదిన. అన్న ఆర్థర్ 1502లో చనిపోయాడు. సోదరుడి భార్యను తెచ్చుకుంటే సంతానం ఉండదని బైబిల్ లేవీయకాండంలో ఉంది. కూతురు మేరీ ఉంది కదా అంటే, అక్కడ సంతానమంటే కొడుకులని హెన్రీ అర్థం చెప్పాడు. కానీ కొడుకు లేకుండా చనిపోయిన సోదరుడి భార్యను పెళ్ళాడమని ద్వితీయోపదేశకాండమే చెబుతోంది. ఒకే గ్రంథం, రెండు వాక్యాలు. ఏళ్ళ తరబడి పండితులు వాటి మీద కొట్టుకున్నారు.

వ్యాఖ్య: బావుందండీ. అయితే మరిది వదినను చేసుకోవడానికి పోప్ ముందే అనుమతి ఇచ్చాడని చదివాను. మరి ఆవిడ వాదనేమిటి?

జవాబు: నిజమేనండీ, అంతకు చాలా ముందు పోప్‌గా ఉన్న రెండో జూలియస్ ఇచ్చాడు. ఆవిడ మాత్రం ఇంకా మూలానికి వెళ్ళింది. ఆర్థర్‌తో పెళ్ళయింది గానీ కార్యం కాలేదని చివరిదాకా అదే మాట మీద నిలబడింది. 1529 జూన్‌లో లండన్ బ్లాక్‌ఫ్రయర్స్‌లో చర్చి న్యాయస్థానం కూర్చుంది. ఆవిడ వెళ్ళి న్యాయమూర్తుల ముందు కాదు, భర్త ముందు మోకరిల్లింది. నీ దగ్గరికి వచ్చేటప్పటికి నేను కన్యనే, అది నీకూ తెలుసు అంది. చెప్పి లేచి బయటికి నడిచింది. వెనక్కి రమ్మని పిలుస్తున్నా ఆగలేదు. ఆ చోటు తల్చుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. కార్యం అన్న మాట ఎంత బరువైనదో మనకు వేరే చెప్పక్కర్లేదు. ఒక రాజ్యం మతం ఆ ఒక్క మాట చుట్టూ తిరిగింది.

వ్యాఖ్య: పాటలో రెండో 'విడాకులు' కూడా ఇదేనా?

జవాబు: అదీ ఇదే. జర్మన్ సంస్థానం క్లీవ్స్ నుంచి వచ్చిన ఆన్‌తో 1540 జనవరిలో పెళ్ళి, జూలైకల్లా చెల్లదన్నారు. అక్కడ కూడా కార్యం కాలేదన్నదే ఒక కారణం. ఆవిడ అడ్డు చెప్పలేదు, ఆస్తులిచ్చి 'రాజుగారి ప్రియ సోదరి' అన్నారు. తెలుగులో రాయాలంటే అక్కో చెల్లో తేల్చాలి. ఆవిడ అతనికంటే చాలా చిన్నది కాబట్టి చెల్లెలు. పాటలో కనపడని మూడోదీ ఉంది. రెండో రాణి ఆన్ బొలీన్ తల తీయడానికి రెండు రోజుల ముందు, 1536 మే 17న, ఆ పెళ్ళీ చెల్లదన్నారు. పెళ్ళే కాకపోతే భర్తకు ద్రోహం చేసిందన్న నేరం ఎలా నిలబడుతుందో నాకు ఎన్నిసార్లు చదివినా అర్థం కాలేదు.

వ్యాఖ్య: కోర్టు పని చేసేవాణ్ణి. హిందూ వివాహ చట్టం 1955లో కూడా ఈ తేడా ఉంది. 11, 12 సెక్షన్లు చెల్లని పెళ్ళిళ్ళకి, 13 విడాకులకి. మేమూ 'చెల్లదు' అనే అంటాం.

వ్యాఖ్య: స్కాట్లండ్‌తో యుద్ధానికి ఇంగ్లిష్‌లో 'రఫ్ వూయింగ్' అని పెళ్ళి మాటతో ఒక పేరుంది. నేను 'మొరటు ప్రణయం' అని రాశాను, సరేనా?

జవాబు: ప్రణయం వద్దండీ. ఏడాది నిండని పసిపాప, స్కాట్లండ్ రాణి మేరీని (హెన్రీ కూతురు మేరీ వేరు) హెన్రీ తన ఐదేళ్ళ కొడుకు ఎడ్వర్డ్‌కి ఇమ్మని 1543లో ఒప్పందం రాయించుకున్నాడు. ఆ ఏడాది చివర స్కాట్లు కాదన్నారు. 1544 మేలో ఇంగ్లిష్ సైన్యం ఎడిన్‌బరోని తగలబెట్టింది. అందులో ప్రణయమెక్కడుంది? 'దౌర్జన్యంగా పిల్లనడగడం' అంటే చాలు.

వ్యాఖ్య: పెళ్ళి చెల్లకపోతే మరి ఆ ఆడపిల్లల గతేమిటి?

జవాబు: మా అమ్మ రెండో ప్రశ్న కూడా ఇదేనండీ. కేథరిన్ కూతురు మేరీ, ఆన్ బొలీన్ కూతురు ఎలిజబెత్ ఇద్దరూ అక్రమ సంతానమయ్యారు. పైన సార్ చెప్పిన మన చట్టంలో అలాంటి పిల్లలను సక్రమ సంతానంగానే చూడమని 16వ సెక్షన్ ఉంది, ఆ పిల్లలకు అంత దయ దొరకలేదు. 1544లో హెన్రీ ఇద్దరినీ వారసుల వరసలో చేర్చాడు గానీ ఆ మచ్చ మాత్రం తీయలేదు. 1553లో మేరీ గద్దెనెక్కింది. ఎక్కిన ఏడాదే పార్లమెంటు చేత చట్టం చేయించింది, మా అమ్మానాన్నల పెళ్ళి చెల్లుతుందని. అప్పటికి కేథరిన్ పోయి 17 ఏళ్ళు.